సంఘం గదికి తలుపు

మా చెరకు రైతుల సంఘం గదికి నిరుటి దాకా తలుపు లేదు. ద్వారబంధం ఉంది, గొళ్ళెం తగిలించుకోడానికి కన్నం కూడా ఉంది, తలుపు మాత్రం లేదు. కట్టినప్పుడు కలప చాలక వదిలేశారని కొందరంటారు. సంఘం పెట్టినవాళ్ళలో మా నాన్న ఒకడు, ఆయన మాత్రం అది కాదనేవాడు. "లోపల కూకున్నోళ్ళు ఏటి మాటాడుకుంతన్నారో బయట కూకున్నోడికి ఇనబడాల. తలుపెడితే ఎలగినబడతాది?" అనేవాడు. అందుకని బోర్డు మీటింగు రోజున డైరెక్టర్లు లోపల బల్ల చుట్టూ కూర్చుంటే, సభ్యులు బయట అరుగు మీద కూర్చుని చెరకు నములుతూ వినేవారు. లోపల ఎవడైనా అడ్డంగా మాట్లాడితే అరుగు మీంచే జవాబు వెళ్ళేది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా బోర్డు ఏం తేల్చిందో ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలిసిపోయేది.

నాన్న పోయేముందు సంఘంలో తన సభ్యత్వం నా పేరున రాయించాడు. తమ్ముడు పరదేశికి పొలం, నాకు గానుగలో వాటా. ఊళ్ళోవాళ్ళు నవ్వారు, ఆడపిల్లకి గానుగేమిటని. నవ్వితే నవ్వారు. మీటింగు ఉందంటే అరుగు మీద ముందు వరసలో కూర్చునేదాన్ని. నన్ను ఊళ్ళోనే ఇచ్చారు, మేనత్త కొడుకు త్రినాధరావుకి. చిన్నప్పటి నుంచీ నేనూ పరదేశీ ఇద్దరం ఆయన్ని బావా అనే పిలిచాం. పెళ్ళయ్యాక నాకు వేరే పిలుపు వెతుక్కునే పని లేకపోయింది.

పేరుకి గానుగ అంటాం గానీ అది పెద్ద రేకుల షెడ్డు. లోపల కరెంటు మిషను, పక్కన బెల్లం వండే పెనాలు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చుట్టుపక్కల చెరకుకి అదే దిక్కు. చెరకు నరికితే మర్నాటికల్లా గానుగలో పడాలి. ఎండలో ఉంచితే రసం పులిసి, ఎంత వండినా పాకం దిమ్మ కట్టదు. దగ్గర్లో గానుగ లేని రైతు పండించేది చెరకు కాదు, వంటచెరకు.

నిరుడు దసరా వెళ్ళాక సంఘానికి ఎలక్షన్లు జరిగాయి. మా బావ డైరెక్టరుగా నిలబడ్డాడు. నిలబడ్డాడు అనడం కంటే నేను నిలబెట్టాను అనడం సబబు. ఆయనకి నలుగురిలో నోరు పెగలదు. ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగింది నేను. "మా బావ అబద్ధమాడడం సేతకానోడు, ఆడి మొకంలోనే తెలిసిపోతాది" అని చెప్పుకున్నాను. గెలిచాడు. అనకాపల్లిలో ట్రాక్టర్ల షోరూమున్న బాబ్జి ప్రెసిడెంటయ్యాడు.

కొత్త బోర్డు కూర్చున్న కొన్నాళ్ళకే ఒక చిక్కొచ్చింది. పై రాష్ట్రం నుంచి ఒక పెద్ద వ్యాపారి మా బెల్లమంతా కొంటానని వచ్చాడు. ఏ రేటు దాకా దిగొచ్చో బోర్డులో అనుకున్నారు, అలవాటు ప్రకారం అరుగు విన్నది. మర్నాడు వ్యాపారి వచ్చి సరిగ్గా ఆ రేటు దగ్గరే బిగుసుక్కూర్చున్నాడు. ఎవరో చెవిన వేశారు. బాబ్జి మండిపడ్డాడు. "ఇంటి గుట్టు లంకకి సేటని ఊరికే అన్నారేటి? బోర్డులో మాట బోర్డులోనే ఉండాల. సభ్యులకి సెప్పాల్సిన టైములో సెప్తాం" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకూ ఆ మాట న్యాయంగానే తోచింది.

వారం తిరక్కుండా గదికి ఇనప తలుపు వచ్చింది. సంఘం వాట్సాప్ గ్రూపులో కూడా అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయడానికి లేకుండా చేశారు. అప్పటిదాకా అందులో బెల్లం రేట్లు, పెళ్ళి కబుర్లు, తప్పిపోయిన పెయ్యలు అన్నీ ఉండేవి. ఆ తర్వాత బాబ్జి పెట్టే శుభోదయాలే మిగిలాయి.

అంతటితో ఆగలేదు. డైరెక్టర్లందర్నీ కారెక్కించి నూకాలమ్మ గుడికి తీసుకెళ్ళాడు. అమ్మవారి ఎదురుగా కర్పూరం వెలిగించి, బోర్డు మాట బయటికి చెప్పబోమని ఒక్కొక్కరి చేతా అరచేత్తో ఆర్పించాడు. మా వైపు కర్పూరం ఆర్పి ఒట్టేశాక ఇంక దాని మీద మాట లేదు. తప్పినవాడి ఇల్లు బాగుపడదంటారు. బావ నుదుట కుంకంతో, అరచేతిలో మసితో ఇంటికొచ్చాడు.

"ఏటి బావా, సేతికా మసి?" అన్నాను.

"బోర్డు మాట" అన్నాడు, కొంచెం గొప్పగా.

నాకు నవ్వొచ్చింది. ఆ చేతిలో సబ్బు పెట్టి, బోర్డు మాట నూతి దగ్గర కడుక్కోమన్నాను.

పుష్యంలో కోతలు మొదలయ్యాయి. గానుగ రాత్రనకా పగలనకా తిరిగింది, ఊరంతా పాకం వాసన. మీటింగు రోజుల్లో బావ ఆలస్యంగా వచ్చేవాడు. "ఏం తేల్చేరు?" అని అలవాటుగా అడిగేదాన్ని. "బోర్డు మాట" అనేవాడు. రానురానూ గొప్ప తగ్గి, కంచంలోకి చూస్తూ అనడం మొదలెట్టాడు. అలసటనుకున్నాను. ఒట్టేసిన మనిషిని గుచ్చి అడగడం పాపమని కూడా అనుకున్నాను. పాతికేళ్ళు కాపరం చేసినదాన్ని, ముఖం చూసి చెప్పేయగలనని ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని, అంతకంటే ఏమీ అనుకోలేదు.

మాఘంలో ఒక ఆదివారం మధ్యాహ్నం పరదేశి వచ్చాడు. పూడిమడక నుంచి వచ్చే చేపలామె దగ్గర ఆ పొద్దున వంజరాలు తీసుకున్నాను. బావకీ తమ్ముడికీ ఎదురెదురుగా వడ్డించాను. పరదేశి ముద్ద కలుపుతూ అన్నాడు.

"బావా, సెరువు కింద దేముడమ్మ గారి బూమి కౌలుకిత్తానంటన్నారు. నాదీ అదీ కలిపి మొత్తం కొత్త తోటేద్దారని ఉంది. సెరకే. నువ్వేటంటావు?"

మా పరదేశి అలాగే అడుగుతాడు. ఎద్దు కొన్నా, పిల్లకి చెవులు కుట్టించినా బావని అడగందే చెయ్యడు. బావ వద్దంటే మారు మాట్లాడడు. మా నాన్న పోయాక వాడికి తండ్రి బావే.

బావ ముల్లు తీసుకుంటున్నాడు. చాలాసేపు తీసుకున్నాడు. "నీ ఇష్టం పరదేశీ" అన్నాడు.

"అదికాదు బావా. ఏసేదా, మానేదా?"

"ఏసేవోడివి నువ్వు. నీకు తెలీదా?" అని మంచినీళ్ళు తాగాడు.

పరదేశి నా వంక చూశాడు. వాడికి తెలీని బావ భాష నాకు తెలుసుననుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. "మీ బావ వద్దనుకుంటే వద్దనే అంటాడురా. ఆయన బోర్డులో ఉన్నోడు, గానుగ సంగతి మనకంటే ఆయనకి తెలుసు. ఏటీ అనలేదంటే బయం లేదన్నమాటే. ఏసుకో" అన్నాను. బావ తల ఎత్తలేదు. ఇంకో చేప ముక్క వెయ్యమని కంచం జరిపాడు.

విత్తనం కూడా మా తోటలోదే ఇచ్చాను. ఆ ఏడు మా చెరకు రోగం లేకుండా వచ్చింది, పరదేశి దాని మీదే కన్నేశాడు. కూలీలు విత్తనపు గడలు నరికి కట్టలు కడుతుంటే నేను దగ్గరుండి చూశాను. ట్రాక్టరు వచ్చింది. కూలీ ఒకడు రాలేదు. బావ తలగుడ్డ చుట్టుకుని, తనే కట్టలు భుజానికెత్తి పరదేశికి అందించాడు. పైనుంచి వాడు అందుకుంటూ, "డైరెక్టరు గారి సేత కట్టలు మోయిత్తన్నాం, ఊరేటనుకుంటాదో" అని ఆటపట్టించాడు. బావ నవ్వాడు. నవ్వాడని నాకు బాగా గుర్తు.

మా మడికి వచ్చేసరికి బావ వేరే మాటెత్తాడు. మామూలుగా చెరకు నరికాక మోళ్ళు వదిలేస్తాం. వాటి నుంచి మళ్ళీ పిలకలొస్తాయి, కార్శి తోట అంటాం దాన్ని. పెద్ద ఖర్చు లేకుండా ఇంకో పంట చేతికొస్తుంది. బుద్ధున్నవాడెవడూ మంచి కార్శిని వదులుకోడు.

"ఈ ఏడు దున్నించేసి సరుగుడేద్దాం" అన్నాడు.

"అదేటి బావా, మోళ్ళు ఎంత బాగున్నాయో సూసేవా?"

"పందులు బతకనిత్తలేదు. కొండ దిగి వచ్చి తొక్కేత్తన్నాయి. నాకు కాపలాకి ఒళ్ళు ఒంగట్లేదు. సరుగుడైతే నాలుగేళ్ళ దాకా సూడక్కర్లేదు."

పందులున్న మాట నిజం. ఆయనకి నడుం నొప్పి ఉన్న మాటా నిజం. సరేనన్నాను. రోటవేటరు వచ్చి పచ్చగా చిగురేస్తున్న మోళ్ళని తిరగేసి పోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది గానీ, మొగుడి నడుం కంటే మోళ్ళు ఎక్కువా అనుకున్నాను.

ఉగాది ముందు కొత్త అమావాస్య జాతర వచ్చి వెళ్ళింది. వైశాఖంలో పరదేశి చేలో కలుపు తీస్తున్నారని తెలిసి, చెంబుతో మజ్జిగ, గిన్నెతో తరవాణీ అన్నం పట్టుకుని బయల్దేరాను. మరదలు పావని దారిలో కలిసింది. పావని మనసులో ఏదుంటే అది నోటికొచ్చే మనిషి. గట్టు మీద నా ముందు నడుస్తూ, కనబడిన పొలానికల్లా ఒక మాట అంటోంది.

"వదినా, ఈ ఏడు గంగన్న మావ జొన్న మీద పడ్డాడేటి? మొక్కజొన్నేసేడు. ఆ పక్క అప్పలరమణ గారిది సరుగుడు. మీది సరుగుడు. బాబ్జి గారి నాలుగు మడులూ సూడు, ఒక్క సెరకు గడ లేదు. పెద్దోళ్ళందరికీ ఒక్కసారే సెరకు మొకం మొత్తినట్టుంది. మా ఆయనకే మొత్తలేదు."

నేను నడుస్తూనే ఉన్నాను. కొంతదూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగి చూశాను. చెరువు గట్టు మీంచి మా ఊరి పొలమంతా కనబడుతుంది. మోకాలెత్తు చెరకు ఎక్కడ చూసినా ఉంది. చాకలి వాళ్ళ మడిలో ఉంది, కౌలు రైతుల మడుల్లో ఉంది, అరుగు మీద నాతో కూర్చునే ప్రతివాడి మడిలో ఉంది. మధ్యమధ్య చెరకు లేని మడులున్నాయి. అవి ఎవరెవరివో నాకు తెలుసు. బోర్డు ఎలక్షన్లో వాళ్ళందరికీ నేను ఓట్లేశాను.

"ఏటి వదినా, కళ్ళు తిరిగేయా?" అంది పావని.

"లేదే" అన్నాను. చెంబు దించి కాసేపు గట్టు మీద కూర్చున్నాను. తర్వాత లేచి కలుపు తీసేవాళ్ళకి మజ్జిగ పోశాను. పరదేశి గడ్డి చేతుల్తోనే తాగి, బయల్దేరేటప్పుడు నా కూడా గట్టు చివరి దాకా వచ్చాడు. దేముడమ్మ గారి గట్టున విత్తనానికని ఉంచిన పాత గడలు నాలుగున్నాయి. అందులో ఒకటి విరిచి, ఆకు దూసి నా చేతిలో పెట్టాడు. చిన్నప్పటి నుంచీ వాడి అలవాటది. చెరకు చేలోంచి అక్క వట్టి చేతుల్తో వెళ్ళకూడదు వాడికి.

ఆ గడ పట్టుకునే ఇంటికొచ్చాను. బావ వసారాలో గేదె పలుపుకి తాడు పేనుతున్నాడు.

"బావా, సంఘం గానుగ ఆపేత్తన్నారా?"

ఆయన చెయ్యి ఆగింది. "ఎవరు సెప్పేరు?"

"ఎవరూ సెప్పలేదు. మీ పొలాలు సెప్పేయి."

తాడు పక్కన పెట్టి అన్నీ చెప్పాడు. గోడౌన్లు పెట్టుకునే కంపెనీ ఒకటి వచ్చిందట. షెడ్డూ, స్థలం, గదీ మొత్తం లీజుకి ఇచ్చేస్తున్నారట. వచ్చే కోతలకి గానుగ ఉండదు. "మిషను ముసల్దయిపోయింది కనకం. ఇంకెన్నాళ్ళు తిరుగుతాది? సంఘానికి మంచిదే. సంతకాలు కాకుండా పొక్కితే ఎవడో కోర్టుకెళ్తాడు, కంపెనీ ఎళ్ళిపోతాది అన్నారు. అందుకే ఆపేరు."

"మంచో సెడ్డో నానడగలేదు. ఎప్పుడు తేల్చేరు?"

"పుష్యంలో."

పరదేశి ఈ వసారాలోనే కూర్చుని చేపల కూర తింటూ అడిగింది మాఘంలో.

"కర్పూరం ఆర్పేను. నీకు తెలుసు కదా" అన్నాడు, నేనేం అడగబోతున్నానో తెలిసి.

"గానుగ మాట సెప్పమని ఎవరన్నారు? ఆడు ఏసేదా మానేదా అనడిగేడు. మానెయ్ అంటే సాలును. పందులున్నాయిరా అంటే సాలును. మన మడికొచ్చిన పందులు ఆడి మడికి రావేటి?"

"ఎందుకు మానాలంటాడు. నువ్వెందుకంటావు. ఒకటి లాగితే ఇంకోటొత్తాది. నేను నోరిప్పలేదు కనకం. ఎవరికీ సెప్పలేదు. నీకు కూడా సెప్పలేదు."

ఆ చివరి మాట ఆయన నన్ను ఓదార్చడానికి అన్నట్టు అన్నాడు. నాకు చెప్పకపోవడమే తన నిజాయితీకి సాక్ష్యమన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అత్త అంటూ ఉండేది, అప్పుడు తెలిసింది ఆ మాట రుచి.

"ఒట్టు నోటికేనా బావా? కర్పూరం నోటితో ఆర్పేవేటి, సేత్తో కదా. ఆ సేత్తోనే మన మడి దున్నించుకున్నావు. ఆ సేత్తోనే మా తమ్ముడి కట్టలు ట్రాక్టరు మీదకెత్తేవు."

ఆయన చెయ్యి చూసుకున్నాడు. పాతికేళ్ళలో ఆయన మౌనం మొదటిసారి నాకు అర్థమైంది.

సాయంత్రం మళ్ళీ చెరువు కిందకి వెళ్ళాను. కలుపువాళ్ళు వెళ్ళిపోయారు, పరదేశి ఒక్కడూ మోటారు కట్టేస్తున్నాడు. చెప్పాను. వాడు అరవలేదు, తిట్టలేదు. "బావకి తెలుసా?" అని ఒక్కటే అడిగాడు.

"తెలుసు."

"కట్టలెత్తేడు కదక్కా" అన్నాడు. మోటారు పెట్టె మూసి, "నువ్వే కదా ఏసుకోమన్నావు" అన్నాడు. తప్పుపట్టినట్టు కాదు, గుర్తు తెచ్చుకున్నట్టు. అని నా ముఖంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచీ చూసే చూపు కాదది. బేరానికొచ్చినవాణ్ణి చూసే చూపు. ఈమెకీ తెలుసా, తెలిసే వెయ్యమందా అని ఆ చూపులో ఉంది. నాకు నోట మాట రాలేదు. రాకపోవడం ఎంత తప్పో ఇంటికొచ్చాక తెలిసింది. మా ఇంట్లో మౌనానికి అర్థం ఏమిటో వాడు ఇప్పుడే కదా విన్నాడు.

జ్యేష్ఠంలో మహాజన సభ పెట్టారు. గానుగ ముందు షామియానా, డైరెక్టర్లకి కుర్చీలు, సభ్యులకి చాపలు. బాబ్జి మైకు పట్టుకుని, సంఘం భవిష్యత్తు కోసం బోర్డు ఏకగ్రీవంగా తీసుకున్న నిర్ణయమని చదివాడు. లీజు మీద సంతకాలు అయిపోయాయట. కె. కోటపాడు వైపు ప్రైవేటు గానుగలున్నాయట, వాళ్ళతో మాట్లాడి పెడతారట. వాళ్ళ చెరకు అయ్యాక మాది ఆడతారన్నమాట. అంతవరకూ మా చెరకు చేలో ఎండాలి. జనం లేచారు. చేతుల్లో నీళ్ళ సీసాలు పైకి లేచాయి. "ముందే ఎందుకు సెప్పలేదు?" అని అరిచారు. "కాన్ఫిడెన్షియల్ అమ్మా, కాన్ఫిడెన్షియల్ బాబూ. ముందే సెప్తే బేరం పోయేది. మా లాభం కోసం దాచేమేటి? బోర్డులో ఎవరి సొంతానికీ దీన్ని వాడుకోలేదు" అన్నాడు బాబ్జి.

నేను లేచాను.

"వదినా, లేడీసుకి తర్వాత ఇత్తాం అవకాశం" అన్నాడు.

"వదినరికం ఇంటికాడ బాబ్జీ. ఇక్కడ నాను సభ్యురాల్ని. అందర్నీ ఒకే ప్రశ్న అడుగుతాను, కూకుంటాను."

ఎవరో కూర్చోమన్నారు, ఎక్కువమంది అడగనివ్వమన్నారు. కుర్చీల వరసలో ఈ చివర బావ కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, నేను చేసిన ఇస్త్రీయే. నోరు తెరిచాక గానీ ఆయన్ని ఏమని పిలవాలో నాకు తెలీలేదు. బావా అనాలనిపించలేదు.

"త్రినాధరావు గారూ" అన్నాను.

షామియానా కింద సద్దు ఆగిపోయింది. మా ఊళ్ళో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన ఆడది లేదు. రేషను కొట్టు దగ్గర పేరు చెప్పమంటే పక్కావిడ చేత చెప్పిస్తారు.

"మీ మడిలో ఈ ఏడు ఏటేసేరు?"

ఆయన నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. అబద్ధమాడడం చేతకాదని నేనే కదా ఓట్లడిగింది. "సరుగుడు" అన్నాడు.

"నిరుడేటుంది?"

"సెరకు."

"గంగన్న గారూ, మీ మడిలో?"

గంగన్న మెడ గోక్కున్నాడు. "మొక్కజొన్న" అన్నాడు, సగం వినపడీ వినపడకుండా. అప్పలరమణ దగ్గరికి వచ్చేసరికి నేను అడగక్కర్లేకపోయింది. చాపల మీంచే ఎవరో "సరుగుడు" అన్నారు. ఆ పక్క కుర్చీకి ఇంకెవరో జవాబు చెప్పారు. జనం అరవడం మానేశారు. కుర్చీల వరసంతా ఒక్కొక్క పేరూ, ఒక్కొక్క పంటా నెమ్మదిగా వినబడుతూ వెళ్ళింది. చివర బాబ్జి మైకులో, "ఎవరి పొలంలో ఏం వేసుకుంటారో వాళ్ళ సొంత విషయం, దానికీ సభకీ సంబంధం లేదు" అన్నాడు. ఎవరూ కాదనలేదు. వినలేదు కూడా.

ఆ సభలో ఒక్క తీర్మానం మాత్రం చేతులెత్తి గెలిపించుకున్నాం. సంఘం గదికి తలుపు తీసెయ్యాలని. మర్నాడే ఊడదీశారు. గది అప్పటికే కంపెనీ వాళ్ళది, లోపల కూర్చునే బోర్డు లేదు. మళ్ళీ మేం అరుగు మీద కూర్చుంటే, వాచ్‌మన్ లేవమన్నాడు.

సభ నుంచి వచ్చే దారిలో బావ పరదేశిని ఆపాడు. నేను నాలుగడుగుల వెనక ఉన్నాను. "పరదేశీ, నా మాటిను" అన్నాడు.

పరదేశి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ట్రాక్టరు మీద ఆటపట్టించినప్పటి గొంతు కాదు. "సెప్పండి డైరెక్టరు గారూ" అన్నాడు.

బావ నోరు తెరిచి మూశాడు. పరదేశి కాసేపు ఆగి చూసి, వెళ్ళొస్తానన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. పావని వచ్చేది. పాలు తోడు కోసమో, కరివేపాకు కోసమో వచ్చి వెళ్ళేది. వచ్చినా మడుల గురించి మాట్లాడడం మానేసింది. ఆ పిల్లకి కూడా నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పాం మేం.

వానలు బాగా పడ్డాయి. ఏ ఏడూ లేనంత ఏపుగా వచ్చింది చెరకు. అదే దేవుడి వేళాకోళం. శ్రావణంలో ఒక పొద్దున నేను పసుపు కుంకాలు పెట్టుకుని, కొంగున కర్పూరం బిళ్ళ ముడేసుకుని పరదేశి ఇంటికి వెళ్ళాను. వాడు అరుగు మీద కొడవలి నూరుకుంటున్నాడు. కర్పూరం గడప మీద పెట్టి అగ్గిపుల్ల గీశాను.

"ఏటక్కా ఇది?"

"నాకు తెలీదురా. నీకు ఏసుకోమన్నప్పుడు నాకేటీ తెలీదు. ఆర్పి సెప్తాను."

చెయ్యి చాచాను. వాడు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒద్దక్కా. బావ ఒట్టు తప్పేడా? తప్పలేదు. తప్పనందుకే కదా ఇలగయ్యేం. నువ్వు ఒట్టెయ్యకు. ఉత్తినే సెప్పు."

"నాకు తెలీదురా" అన్నాను మళ్ళీ.

"ఊఁ" అన్నాడు.

కర్పూరం దానంతటది వెలిగి ఆరిపోయే దాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. పావని వచ్చి కాఫీ ఇచ్చింది. తాగాను. వెళ్ళొస్తానంటే, వాడు మామూలుగానే నాతో చెరువు గట్టు దాకా వచ్చాడు. గట్టుకి రెండు వైపులా చెరకు తల దాటి ఉంది. మా తోట విత్తనమే, ఎర్రగా, చేతికందేటంత దగ్గర్లో. గట్టు చివర ఆగాడు. "బేగెళ్ళు అక్కా, వానొత్తాది" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నేను వట్టి చేతుల్తో ఇంటికొచ్చాను. బావ వసారాలోనే కూర్చుని ఉన్నాడు. నేను ఎక్కడికి వెళ్ళానో, కొంగున ఏం కట్టుకెళ్ళానో ఆయనకి తెలుసు. నా చేతుల వంక చూశాడు.

"పరదేశి ఏటన్నాడు కనకం?" అని అడిగాడు.

"బోర్డు మాట" అన్నాను. లోపలికెళ్ళి ఆయనకి అన్నం వడ్డించాను.